ఐదో నంబరు సర్వరు

ఆ సంత రోజున ఫిలిప్పు వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఎనిమిదింటికి ఆఫీసు తెరవాలి, పదింటికల్లా తోటల పటాలు పంపేయాలి, పదిన్నరకు భార్య సుజానాను సంతకు తీసుకెళ్లాలి. పొద్దుటి ప్రార్థనలో కూడా ఈ మూడింటినీ వరుసగా విన్నవించుకున్నాడు. దేవుడు అభ్యంతరం చెప్పలేదు కాబట్టి ఒప్పుకున్నట్టేనని లేచాడు.

గూడెం కొత్తవీధి చుట్టుపక్కల నాలుగు వందల పన్నెండు మంది కొండ రైతులు కలిసి పెట్టుకున్న కాఫీ సంఘంలో ఫిలిప్పు కంప్యూటరు గుమస్తా. అతని చదువు ఇంటరు. పైచదువు విశాఖలో మూడు రోజుల శిక్షణ, అందులో ఒక రోజు పరిచయాలకే సరిపోయింది. మిగిలిన రెండు రోజుల్లో నేర్చుకున్న దాంతోనే ఏడేళ్ల నాటి ఒక పెద్ద నల్ల పెట్టెను కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు. ఆ పెట్టె సర్వరు. మూడేళ్ల క్రితం దాని లోపల ఐదు ఉత్తుత్తి సర్వర్లను సృష్టించాడు. ఒకటి రైతుల పేర్లకు, ఒకటి తోటల పటాలకు, ఒకటి తూకాలకు, ఒకటి సిబ్బంది హాజరుకు, ఒకటి కాయ ఒలిచే యంత్రానికి.

"ఉత్తుత్తివంటే ఏటండీ? పనిసెయ్యవా?" అని సుజానా అప్పుడే అడిగింది.

"పనిసేత్తాయి. కనిపించవు, అంతే. ఒకే ఇంట్లో ఐదు కాపురాలున్నాయనుకో. ఎవరి పొయ్యి వాళ్లది, ఎవరి తలుపు వాళ్లది. ఇల్లంతా తమదేనని ఎవరికి వాళ్లు అనుకుంటారు. ఇల్లు కూలితే మాత్రం ఐదూ వీధిన పడతాయి."

"మా అత్తింటోళ్లలాగన్నమాట," అంది సుజానా. అంతకన్నా సులువుగా ఆ సంగతిని ఫిలిప్పుకు విశాఖలో కూడా ఎవరూ చెప్పలేదు.

ఆ రోజు పంపాల్సినవి తోటల పటాలు. మూడేళ్లుగా ఆ రైతులు కాఫీ మొక్కలకు చిటికెడు మందు కూడా వేయలేదు. పక్క కొండవాలు వాళ్లు నవ్వినా, కాయకు పురుగు పట్టినా ఓర్చుకున్నారు. ఎవరి తోట ఏ కొండవాలులో ఎంతవరకు ఉందో పటాలతో సహా ఆ సాయంత్రం ఐదింటిలోగా పంపితే సేంద్రియ పంటగా ధ్రువపత్రం వస్తుంది. ఒక్క నిమిషం దాటినా మూడేళ్ల లెక్క మళ్లీ ఒకటో రోజు నుంచి మొదలవుతుంది. మందు మానండని ఊరూరా తిరిగి ఒప్పించింది సంఘం అధ్యక్షురాలు రత్న. పటాలు నేను పంపుతానని రత్నకు మాటిచ్చింది ఫిలిప్పు.

ఎనిమిదింటికి చూస్తే పటాల సర్వరు బిగుసుకుపోయి ఉంది. దాన్ని ఆపి మళ్లీ లేపాడు. లేచింది గానీ, పటాలన్నిటినీ ఒక మూటగా కట్టే పనిని నత్త నడకన సాగించింది. ఐదు సర్వర్లూ ఉన్న కాస్త మెమరీ కోసం లోపల కొట్టుకుంటున్నాయి. తక్కిన నాలుగింటినీ కాసేపు ఆపితే పోయేదే. కానీ హాజరు సర్వరును ఆపితే ఆ రోజు ఎవరూ పనికి రానట్టు లెక్క. తూకం సర్వరును ఆపితే గోదాము వాళ్లు ఊరుకోరు. ఎవరినీ నొప్పించని మనిషి కాబట్టి ఫిలిప్పు ఐదింటినీ నడవనిచ్చాడు. తొమ్మిదిన్నరకు మూట అరవై ఒక్క శాతం దగ్గర ఉంది.

అప్పుడే వాకిట్లో జీపు ఆగింది.

దిగినవాడు సాయినాథ్, సంఘానికి సామాను ఇచ్చే, మైదానంలోని ప్రభుత్వ పై ఆఫీసు నుంచి వచ్చిన ఆస్తుల తనిఖీ అధికారి. నుదుట విభూతి మూడు గీతలూ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. చంకలో రిజిస్టరు, చేతిలో నంబర్లు రాసిన చీటీల కట్ట. రిజిస్టరులో ఉన్న ప్రతి వస్తువునూ కంటితో చూసి, చేత్తో తాకి, చీటీ అంటించడం ఆయన ఉద్యోగం. కుర్చీలు, బల్లలు, గోడ గడియారం అయ్యాక సర్వరు గదిలోకి వచ్చాడు.

"సర్వర్లు ఆరు. ఏవయ్యా?"

ఫిలిప్పు నల్ల పెట్టెను చూపించాడు.

"ఇది ఒకటి. మిగతా ఐదు?"

"దీని లోపల ఉన్నాయి సార్."

సాయినాథ్ అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "తెరువు."

ఫిలిప్పు పక్క రేకు విప్పాడు. లోపల తీగలు, పంకా, దుమ్ము. ఒక సాలీడు కూడా ఉంది గానీ అది రిజిస్టరులో లేదు.

"ఏవీ?"

"అవి కనిపించవు సార్. ఉంటాయి, పనిచేస్తాయి, కానీ కంటికి కనిపించవు. మూడేళ్ల కిందట మీ ఆఫీసు నుంచే ఫారం వచ్చింది, ఎన్ని సర్వర్లు పనిచేస్తున్నాయని. లోపలివి, బయటివి అని వేరే గడులు లేవు. ఉన్నదున్నట్టు ఆరని రాశాను."

పొద్దున్నే కనిపించని దేవుడికి దండం పెట్టుకుని బయలుదేరిన సాయినాథ్ కనిపించని సర్వర్లను మాత్రం నమ్మలేకపోయాడు. కనిపించనివాటిలో ఏవి నమ్మాలో, ఏవి నమ్మకూడదో బహుశా ఆయన ఆఫీసులో ఉత్తర్వు ఉండి ఉంటుంది.

"ఇదిగో ఫిలిప్పూ! గెస్ట్‌హౌసులో భోంచేసి రెండింటికి వస్తాను. ఆరు పెట్టెలు వరసగా ఉండాలి. లేదంటే ఐదు సర్వర్లు మాయమైనాయని స్టేషనులో రాసిస్తాను. ఎక్కడ దాచావో, ఎవరికిచ్చావో నాకనవసరం."

జీపు వెళ్లిపోయింది. ఫిలిప్పు అరుగు మీద కూలబడ్డాడు. సంతకు పోవడానికి సంచీ పట్టుకుని వచ్చిన సుజానా సంగతంతా విని సంచీ పక్కన పెట్టింది.

"ఆయనకి పెట్టెలే గదా కావాల? పెట్టెలు సూపించీండి."

"అబద్ధం గదే!"

"నిజం సెప్పి సూసినారు గదా. ఏటైంది?"

పోయిన ఆదివారం చర్చి గుడిలో సత్యం మీద వాక్యం చదివింది ఫిలిప్పే. చదివేటప్పుడు ఇంత కష్టంగా అనిపించలేదు.

రెండు గంటల్లో పెట్టెలు కుదిరాయి. పాస్టరు విల్సన్‌గారు, పిడుగుపాటుకు చచ్చిన గుడి కంప్యూటరును ఎందుకని అడగకుండా ఇచ్చారు. అడిగితే తానూ పాపంలో భాగస్తుణ్ణవుతానని ఆయనకు తెలుసు. హైస్కూలు సామాన్ల గదిలోంచి రెండు వచ్చాయి. సెల్‌ఫోన్లు బాగుచేసే మల్లేశు తాను స్టూలుగా వేసుకుని కూర్చునే పెట్టెను, సాయంత్రానికి తెచ్చిస్తానని ఒట్టు వేయించుకుని, లేచి నిలబడి ఇచ్చాడు. ఐదోది ఎక్కడా దొరకలేదు.

"మా యమ్మ దగ్గరుంది గదా!" అంది సుజానా.

ఉన్నమాట నిజమే. ఆఫీసు వెనకే ఉంటున్న అత్తగారు పైడమ్మ, ఫిలిప్పు ఎప్పుడో పారేసిన కంప్యూటరు పెట్టెలో గడ్డి పరిచి కోడిపెట్టను పొదగేసింది.

"పెట్టె ఇత్తాను గానీ పెట్టని దింపను," అంది పైడమ్మ. "పదమూడో రోజు బాబూ. ఇప్పుడు కదిపితే గుడ్లు మురిగిపోతాయి."

"అత్తా, అది సర్వరులా కనపడాలి. అందులో కోడి ఉంటే ఎలాగ?"

"నీ పెట్టెలో ఐదు సర్వర్లున్నాయంటే నానేటైనా అన్నానా? నా పెట్టెలో ఒక్క కోడి ఉంటే నీకేటి?"

న్యాయమైన మాట. పెట్టను కదపకుండా, ముందు రేకు బిగించి, గాలి ఆడేలా వెనకవైపు వదిలేసి, ఐదో పెట్టెగా గోడవారన పెట్టారు. ప్రతి పెట్టెకూ ఒక తీగ తగిలించారు. కోడి పెట్టెకు తగిలించిన తీగ రెండో కొస కిటికీ ఊచకు కట్టి ఉంది.

సాయినాథ్ రెండింటికి తృప్తిగా త్రేన్చుతూ వచ్చాడు. ఆరు పెట్టెల్ని చూడగానే ముఖం విప్పారింది.

"చూశావా? గట్టిగా అడిగితే అన్నీ వస్తాయి." ఒక్కోదానికీ చీటీ అంటిస్తూ ఐదోదాని దగ్గర ఆగాడు. లోపల్నుంచి కొర్‌ర్‌ర్ మని చప్పుడైంది. "ఏమిటది?"

ఫిలిప్పు నోరు తెరిచేలోగా సుజానా అందుకుంది. "నడుత్తోంది సార్."

సాయినాథ్ రేకు మీద చెయ్యి వేసి చూశాడు. "వెచ్చగా కూడా ఉంది. బాగా పనిచేస్తోందన్నమాట." రిజిస్టరులో ఐదో నంబరు ఎదుట 'మిక్కిలి సంతృప్తికరం' అని రాశాడు. మిగతా నాలుగింటికీ ఉత్త 'సంతృప్తికరం' చాలనుకున్నాడు.

ఆ ఐదు పెట్టెలకూ సంతకం పెట్టాక నల్ల పెట్టె వైపు తిరిగాడు.

"ఇది ఏడేళ్ల నాటిది. ఆ ఐదూ మూడేళ్లవి. ఐదేళ్లు దాటిన యంత్రాన్ని పాత సామాను కింద తీసేయాలని ఉత్తర్వు. జీపు ఎలాగూ ఖాళీగానే వెళ్తోంది. వరహాలూ! దీన్ని ఎక్కించు," అని డ్రైవరును కేకేశాడు.

ఫిలిప్పు పెట్టెకు అడ్డం నిలబడ్డాడు. తెర మీద మూట తొంభై నాలుగు శాతం దగ్గర ఉంది. "సార్, సార్! అది లేకపోతే ఇవేవీ నడవవు!"

"ఎందుకు నడవవు? మూడేళ్ల నాటివి, ఐదు ఉన్నాయి. ఈ ముసలిదాన్ని పట్టుకు వేలాడతావేం?"

"సార్, నిజం చెప్పేస్తాను. ఈ ఐదూ ఉత్తి డబ్బాలు. ఊళ్లో అడిగి తెచ్చాను. అసలు సర్వరు ఇదొక్కటే."

కొర్‌ర్‌ర్ మంది ఐదో నంబరు.

సాయినాథ్ గొంతు తగ్గించాడు. "అంటే నేను డబ్బాలకు సంతకం పెట్టానంటావా? సంతృప్తికరమని రాసింది డబ్బాలనా? ఆలోచించి మాట్లాడు. నిజమైతే నీ ఉద్యోగం ఉండదు. అబద్ధమైతే, పై అధికారి పనికి అడ్డం వచ్చినందుకు అప్పుడూ ఉండదు."

పొద్దున నిజం చెబితే దొంగన్నాడు. మధ్యాహ్నం అబద్ధం చూపిస్తే మెచ్చుకున్నాడు. ఇప్పుడు మళ్లీ నిజం చెబితే కోప్పడుతున్నాడు. వాక్యంలో ఇలాంటి చోటు గురించి ఏమైనా ఉందేమోనని ఫిలిప్పు వెతుక్కుంటుండగానే డ్రైవరు వరహాలు తీగలు పీకేశాడు. తొంభై నాలుగు శాతం చీకటైంది.

జీపు ఘాట్ దారి పట్టింది. సుజానా సంచీ భుజాన వేసుకుంది.

"ఏటలా సూత్తన్నారు? బండి తియ్యండి బేగి!"

"వెళ్లి ఏం చెయ్యను?"

"ఎల్లినాక సూద్దుము."

ఇద్దరూ మోటారు సైకిలు మీద సంత మధ్యలోంచి దూసుకుపోయారు. పసుపు దుంపలు, ఎండు చేపలు, అల్యూమినియం గిన్నెలు అన్నీ ఇటూ అటూ వెనక్కి పోయాయి. "సంతకి తీసుకెల్తానన్నారు, తీసుకెల్లినారు. మాట తప్పే మనిసి కాదు," అంది సుజానా వెనకనుంచి.

సంత దాటి తొమ్మిది కిలోమీటర్లు పోయాక, మలుపు దగ్గర జీపు కనిపించింది. కదలడం లేదు.

ఇటుకల పండగ రోజులవి. మగవాళ్లంతా వేటకని అడవిలోకి పోతే ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురు గడ కట్టి, వచ్చిపోయే బళ్లను ఆపి, చేతిలో ఎంతో కొంత పెడితే గాని వదలరు. కలెక్టరు కారైనా, కర్రల లారీ అయినా అంతే. పదో పరకో ఇచ్చి నవ్వుకుంటూ పోవడం అందరికీ అలవాటు. సాయినాథ్ కూడా జేబులోంచి నోటు తీశాడు. తీసి, రసీదు అడిగాడు.

ఆ మాట అడిగి అప్పటికి పావుగంట దాటింది. గడ దగ్గర ముప్పై మంది ఆడవాళ్లు డప్పు కొడుతూ ఆడుతున్నారు. వాళ్లకు పెద్దగా నిలబడినది రత్న.

"రసీదేటి సారూ? మా మామ్మ గడ కట్టిన కాడినించి ఎవులూ అడగనేదు," అంటోంది.

"రసీదు లేకుండా నేను పైసా ఇవ్వను. ఎవరి ఉత్తర్వు మీద వసూలు చేస్తున్నారు?"

"పండగ ఉత్తర్వు. ఇయ్యకపోతే ఆడు. ఒక సుట్టు మాతో ఆడీసి ఎల్లిపో."

"నేను గెజిటెడ్ అధికారిని!"

"అదేటో మాకు తెల్దు గానీ, మోకాళ్లు బాగున్నాయి గదా?"

ఆడవాళ్లు పకపకా నవ్వారు. వరహాలు స్టీరింగు మీద తల పెట్టి నవ్వు దాచుకున్నాడు.

ఫిలిప్పు రత్నను పక్కకు పిలిచి జరిగిందంతా చెప్పాడు. టైము మూడు దాటింది. రత్న నవ్వు ఆగిపోయింది.

"అంటే మా మూడేళ్లు ఆ పెట్టెలో ఉన్నాయా ఫిలిప్పన్నా?"

"ఆ పెట్టెలోనే."

"కాయకి పురుగు పట్టినా మందు ముట్టనేదు. మా అత్త నన్ను తిట్టని తిట్టు నేదు. మల్లీ మొదటినించంటే ఎవులు నా మాట ఇంటారు?"

"నాకు తెలుసు రత్నా. అందుకే వచ్చాను."

"ఆయనకి నిజం సెప్పినావా?"

"రెండుసార్లు చెప్పాను."

రత్న కొంగు బిగించి జీపు దగ్గరికి వెళ్లింది.

"సారూ, డబ్బులొద్దు. ఆటా వద్దు. ఎనకాల ఆ పాత డబ్బా ఏదో ఉంది గదా, అదిచ్చీ. గడ ఎత్తీత్తాము. మా పండగ, సేతిలో ఏదో ఒకటి పడాల."

సాయినాథ్ కళ్లు చిట్లించి రిజిస్టరు తెరిచాడు. పాత సామాను. పనికిరానిది. పుస్తకంలో దాని విలువ సున్నా. ఆయన ముఖంలో నెమ్మదిగా వెలుగు వచ్చింది. పది రూపాయలు ఇవ్వాలంటే రసీదు కావాలి. సున్నా ఇవ్వడానికి అక్కర్లేదు. పైగా కింద దాకా మోసుకుపోయి, దించి, కాగితాలు రాసే బాధ కూడా తప్పుతుంది.

"సున్నా విలువ గల వస్తువు ఒకటి ముట్టినదని సంతకం పెట్టు," అన్నాడు.

రత్న పెట్టింది. ఆడవాళ్లు ఈలలు వేస్తూ గడ ఎత్తారు. జీపు కదులుతుండగా సాయినాథ్ తల బయట పెట్టి ఫిలిప్పుతో అన్నాడు: "చూశావా? తెలివి ఉంటే ప్రభుత్వ సొమ్ము ఒక్క పైసా పోకుండా పని జరుగుతుంది!"

అదొక్కటే ఆ రోజు ఆయన చెప్పిన మాటల్లో ఫిలిప్పు కాదనలేనిది.

నల్ల పెట్టెను సుజానా ఒళ్లో పెట్టుకుని చంటిబిడ్డలా రెండు చేతులా చుట్టేసింది. ఘాట్ గోతుల్లో ఎగిరెగిరి పడుతూ ఆఫీసు చేరేసరికి నాలుగు దాటి పది నిమిషాలు. తీగలు తగిలించి మీట నొక్కాడు. పంకా తిరిగింది, దీపం వెలిగింది. తక్కిన నాలుగు సర్వర్లూ లేచాయి కానీ, పటాలది లేపితే లేవలేదు. మెమరీ చాలదని ఎర్ర అక్షరాలు. గోతుల కుదుపుకు లోపలి రెండు మెమరీ పట్టీల్లో ఒకటి ఊడి, అంచు విరిగింది. ఉన్న మెమరీ సగమైంది. ఐదు కాపురాల ఇంట్లో గోడ కూలి ఒకే గది మిగిలినట్టయింది.

"ఇప్పుడేటి?" అంది సుజానా.

ఫిలిప్పు పెట్టె మీద చెయ్యి వేసి కళ్లు మూసుకున్నాడు. ఆ ప్రార్థనలో వాక్యం కన్నా కంప్యూటరు మాటలే ఎక్కువ దొర్లాయి, అయినా దేవుడికి అర్థమై ఉంటుంది. కళ్లు తెరిచి, తూకం సర్వరును ఆపాడు. పేర్లది ఆపాడు. కాయలు ఒలిచేది ఆపాడు. చివరికి హాజరుది మిగిలింది. అదీ ఆపాడు. మిగిలిన గది మొత్తాన్నీ పటాల సర్వరు ఒక్కదానికే ఇచ్చాడు.

అది లేచింది. లేచి, పొద్దుటి నుంచి ఆరు గంటలు కుంటినా తెమలని పనిని ఇరవై ఐదు నిమిషాల్లో ముగించింది.

సుజానా తెర వైపు, గోడ గడియారం వైపు, చివరికి మొగుడి వైపు చూసింది. "అయితే ఈ నాలుగింటినీ పొద్దుటే ఆపుంటే..."

"ఇప్పుడొద్దులే సుజానా."

"...ఆ జీపు వచ్చీలోపే పటాలు ఎల్లిపోయుండేవి గదా?"

"వద్దన్నాను గదా."

నాలుగు యాభై మూడుకు పటాలు వెళ్లాయి. 'అందినవి' అని జవాబు కూడా వచ్చింది. ఐదింటికి రత్న ఆటోలో వచ్చి గుమ్మంలోనే నిలబడింది. లోపలికి రావడానికి భయపడినట్టుంది.

"ఏటైంది ఫిలిప్పన్నా?"

"నిలబడ్డాయి రత్నా. మూడేళ్లూ నిలబడ్డాయి."

రత్న గుమ్మం మీదే కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుంది. తర్వాత గదిలోకి వచ్చి నల్ల పెట్టె మీద ఒకసారి చెయ్యి వేసి, "సున్నా ఇలవంట," అని ఒక్క నవ్వు నవ్వింది. ఆ రోజు పనికి వచ్చిన పదకొండు మందికీ గైరుహాజరు పడింది. వాళ్లు ఫిలిప్పుతో వారం రోజులు మాట్లాడలేదు.

నెల తిరిగేసరికి పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఐదు సర్వర్లు సంతృప్తికరంగా ఉన్నందున మీరు కోరిన కొత్త మెమరీ పట్టీ మంజూరు చేయడం లేదన్నది మొదటి పేరా. సీలేరు ఆఫీసుకు సర్వరు లేనందున, తనిఖీలో మిక్కిలి సంతృప్తికరంగా ఉన్న ఐదో నంబరును వెంటనే అక్కడికి పంపించి, ఆ సంగతి తెలియజేయాలన్నది రెండోది.

ఫిలిప్పు ఈసారి ఎవరి సలహా అడగలేదు. ఇక ఏం జరిగినా నిజమే రాస్తానని ఆదివారం గుడిలో అనుకున్నాడు. కాగితం తీసి గుండ్రటి అక్షరాలతో జవాబు రాశాడు: "అయ్యా, ఐదో నంబరు సర్వరు తనిఖీ జరిగిన ఎనిమిదో రోజున లేచినది. ప్రస్తుతం తొమ్మిది పిల్లలతో ఆఫీసు వెనుక తిరుగుచున్నది. దానిని పంపుటకు మా అత్తగారు ఒప్పుకొనుట లేదు."

అందులో ఒక్క అబద్ధం కూడా లేదు కాబట్టి, ఇంతవరకు దానికి జవాబు రాలేదు.